షానవాజ్ ఎడమ చెంప

వన్ టౌన్‌లో పరుపుల కొట్టు నజీర్ అహ్మద్ గారిని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. గడ్డం సాయిబు అంటేనే అందరికీ తెలిసేది. గుండెల మీదికి దిగే గడ్డం ఆయనది. దూది ఏకే రోజుల్లో అందులో తెల్లటి పోగులు చిక్కుకుని, నడివయసులోనే ముసలివారైనట్టు కనిపించేవారు. సాయంత్రం కొట్టు ముందు నిలబడి తువ్వాలుతో దులుపుకుంటే ఆ నూగు సందంతా ఎగిరేది.

ఆయన కొడుకు షానవాజ్ నా స్నేహితుడు. దువ్వాడ కాలేజీలో మాది ఒకటే బెంచీ. పొద్దున్నే వైజాగ్ స్టేషన్లో పాసింజరు ఎక్కి తలుపు దగ్గర నిలబడేవాళ్లం. మా క్లాసు కుర్రాళ్లందరికీ గడ్డాల పిచ్చి పట్టిన రోజులవి. షానవాజ్‌కి కుడివైపు బాగానే వచ్చింది, చుబుకం మీదా వచ్చింది. ఎడమ దవడ మీద మాత్రం రూపాయి బిళ్లంత మేర నున్నగా ఉండిపోయింది. దాని చుట్టూ మొలిచినవి కూడా ఎండిన మడిలో గడ్డిలా ఎడమెడంగా ఉండేవి.

"గడ్డం సాయిబు కొడుక్కి గడ్డం లేదేటి?" అని వీధిలో పెద్దవాళ్లు నవ్వేవారు. వాడూ నవ్వేవాడు. ఆ తర్వాత ఇక ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

వాడు చెయ్యని ప్రయత్నం లేదు. రోజూ గీయించుకుంటే ఒత్తుగా వస్తుందని మంగలి త్రినాథరావు చెబితే, చెంప మండుతున్నా గీయించుకున్నాడు. ఫోన్‌లో చూసి ఉల్లిపాయ రసం పూసుకుని రైలెక్కితే తలుపు దగ్గరి సీట్లు ఖాళీ అయ్యేవి. జాలరిపేట నుంచి వాళ్ల వీధికి చేపలు తెచ్చే గంగాలమ్మ ఒకరోజు గంప దించి, వాడి మొహం వెలుతురులోకి తిప్పి చూసింది.

"ఇది పేనుకొరుకుడు బాబూ. గురివింద గింజ అరగదీసి రాయి. మా మరిదికి అలాగే వచ్చినాది" అంది.

రాశాడు. చెంపంతా బొబ్బలెక్కింది. భయపడి నేనే చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లైటు వేసి చూసి, ఇది పేనుకొరుకుడు కాదన్నాడు. పుట్టుకతోనే అక్కడ వెంట్రుకలు తక్కువట. కొందరికి ముప్ఫై దగ్గర పడ్డాక కాస్త నిండుతుందట. ఇంక ఏమీ పూయొద్దని గట్టిగా చెప్పి పంపాడు.

ఆ సాయంత్రం కొట్లోనే కూర్చున్నాం. నజీర్ గారు పరుపుకు టాకాలు వేస్తున్నారు. ఇంట్లో వాళ్లది ఉర్దూ, నా ముందు మాత్రం ఎప్పుడూ తెలుగే. సూది ఆపకుండానే కొడుకుతో అన్నారు:

"కత్తెర పెట్టకు. ఓ ఏడాది అలా వదిలెయ్. పైనున్నయి పెరిగి కిందకి దిగుతాయి."

"నీకేటి అబ్బా, నిండుగా ఉంది. ఎన్నయినా సెప్తావు" అన్నాడు వాడు.

నజీర్ గారు ఏదో చెప్పబోయి నా వైపు చూశారు. చెప్పకుండానే దారం కొరికి, ఇంకో టాకా మొదలుపెట్టారు.

చదువయ్యాక నాకు స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని దొరికి గాజువాకలో ఉండిపోయాను. షానవాజ్ తండ్రి పక్కనే కొట్లో కూర్చున్నాడు. గడ్డం మాట మానేసి నున్నగా గీసుకోవడం అలవాటు చేసుకున్నాడు. సబీనాతో నిఖా కూడా ఆ నున్నటి మొహంతోనే జరిగింది.

మూడేళ్ల కిందట, వానాకాలంలో, నజీర్ గారు గుండెపోటుతో పోయారు. తర్వాత ఒక మధ్యాహ్నం నేను వెళితే షానవాజ్ కొట్టు అరుగు మీద నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

"ఆఖరి స్నానం నాను కూడా సేయించినాను బావ" అన్నాడు. "నీళ్లు పోత్తంటే అబ్బా గడ్డం తడిసి ఓ పక్కకి ఒదిగిపోనాది. ఎడం దవడ మీద ఏటీ లేదు. నున్నగా ఉంది. నాకున్న సోటే బావ. నా సెయ్యి అక్కడే ఆగిపోనాది."

టీ పట్టుకొచ్చిన వాళ్లమ్మ ఫాతిమా గారు ఆ మాట విని గుమ్మంలోనే నిలబడిపోయారు.

"నీకు తెలుసా అమ్మీ?" అడిగాడు వాడు.

"తెలవకపోడమేటి. నన్ను సూడ్డానికి వచ్చినపుడు ఆ ఖాళీలో సుర్మా పూసుకుని వచ్చినారు. మంచి ఎండలు. సెమటకి కాలరు దాకా నల్లగా కారిపోనాది. మా అక్కలు తలుపు సాటున నవ్వాపుకోలేక సచ్చినారు."

చెబుతూ చెబుతూ ఆవిడే నవ్వేశారు. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి అని షానవాజ్ తర్వాత చెప్పాడు.

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"సిగ్గు. ఊరంతా గడ్డం సాయిబు అంటంటే, ఆ మనిషి ఎలా సెప్పుకుంటారు? ఆడికి సెప్పాల, సెప్పాల అనేవోరు. రేపు అనేవోరు."

షానవాజ్ తల వంచుకుని అరుగు మీద పెచ్చులు గోరుతో గీకుతూ కూర్చున్నాడు. "నీకేటి అన్నాను బావ, ఆ రోజు" అన్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేశాను.

ఆ వారం నుంచే గీసుకోవడం మానేశాడు. మొదటి నెలలు చూడ్డానికి బాగాలేదు. సబీనా గొణిగింది, కొట్టుకొచ్చినవాళ్లు కళ్లతోనే అడిగారు. వాడు పట్టించుకోలేదు. పోనుపోను పైవి బారుగా పెరిగి కిందకి వాలాయి. ఖాళీ ఇప్పటికీ ఉంది. వెతికి చూస్తే కనిపిస్తుంది.

మొన్న వెళ్లేసరికి వాడు పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో రెండేళ్ల కూతురు ఆస్రా, పిడికిటి నిండా గడ్డం పట్టుకుని నిద్రపోతోంది. టాకాలు సగంలో ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి, పిడికిలి బిగియడంతో మళ్లీ కూలబడ్డాడు.

"కూకో బావ. ఇది వదిలాక టీ తాగుదాం" అన్నాడు మెల్లగా.