సాన పట్టించడానికి ఒక సాకు

డీ-టూ ఉక్కుతో చేసిన చాకు కొనడం ఈ వయసులో నేను చేసిన తెలివితక్కువ పని. అది ఒక పట్టాన మొద్దుబారదు. రోజుకో ఉల్లిపాయ, వారానికి ఒకటో రెండో పార్సిల్ పెట్టెలు, ఎండాకాలంలో నాలుగు మామిడికాయలు. ఒక్కడికి వండుకునే ఇంట్లో చాకుకి ఇంతకంటే పనేముంటుంది? ఇలా వాడితే నాలుగు నెలలకోసారి సాన పట్టిస్తే చాలు. నాకేమో వారానికోసారి కావాలి.

ఎందుకు కావాలో చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, అయినా చెబుతాను.

ఆటోనగర్‌లో ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళు పనిచేశాను. వర్క్‌షాపుల వాళ్ళు షాఫ్టులూ గేర్లూ తెస్తే, వజ్రపు మొన ఉన్న మిషన్ కింద పెట్టి, అదెంత గట్టిగా ఉందో అంకె చెప్పడం నా ఉద్యోగం. ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు. ముప్పై ఏళ్ళు అలా తీర్పులు చెప్పిన నోరు ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా? "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది" అని మా ఆవిడ రోజుకోసారి గుర్తుచేసేది. ఆమె పోయి ఐదేళ్ళయింది. పిల్లలు లేరు. ఆదివారం చర్చిలో పదిమంది పలకరిస్తారు గానీ, అందరికీ ఇంటికెళ్ళే తొందర ఉంటుంది.

ఆ ఐదేళ్ళలో మొదటి మూడేళ్ళు నన్ను మనిషిగా నిలబెట్టింది పాత ఊళ్ళో మార్కెట్ వెనక సందులో కత్తులు, కత్తెరలు సాన పట్టే ఒకతను. మాంసం కొట్ల వాళ్ళు, దర్జీలు, సెలూన్ల వాళ్ళు అతని ఖాతాదారులు. నాకంటే రెండేళ్ళు చిన్నవాడేమో. నేను గాజువాకలో బస్సెక్కి, పోర్టు గేట్ల ముందు లారీల వెనక అరగంట ఆగి మరీ ప్రతి గురువారం అతని దగ్గరికి వెళ్ళేవాడిని. మొదట సార్ అనేవాడు. రెండో నెలకి బావా అన్నాడు. నేనూ బావా అన్నాను. నన్ను అలా పిలిచే మనిషి ఊళ్ళో ఇంకెవరూ లేరు.

మా మాటలన్నీ ఉక్కు గురించే. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన మడత చాకులు ఒక్కొక్కటే పట్టుకెళ్ళేవాడిని, అతను నూరి తీర్పు చెప్పేవాడు. నా మొదటిది కార్బన్ ఉక్కు. పదునెక్కితే గడ్డం గీసుకోవచ్చు, కానీ నిమ్మకాయ కోసి తుడవడం మరిచిపోతే అన్నం తిని లేచేసరికి మచ్చ పడుతుంది. మన సముద్రపు గాలికి జేబులో ఉన్నా తుప్పే. రెండోది చైనా స్టెయిన్‌లెస్. తుప్పు గొడవ లేదు, రాయి మీద నాలుగుసార్లు లాగితే పదునొస్తుంది, వచ్చినంత తొందరగానూ పోతుంది. "ఇది సుట్టం లాటిది బావా, వచ్చిందీ తెల్దు, పోయిందీ తెల్దు" అనేవాడు. డీ-టూని చూస్తే మాత్రం అతనికి ఒళ్ళు మంట. గంటసేపు నూరితే గానీ లొంగదు. "సాన రాయి అరిగిపోతంది గాని ఇది అరగదేటి!" అని తిట్టుకుంటూనే నూరేవాడు. ఆ తిట్లు వినడానికే దాన్ని పట్టుకెళ్ళేవాడిని. చాకు చేతికి చేతికి ఇచ్చుకుంటే తగువులొస్తాయని పెద్దవాళ్ళంటారు. మేం నవ్వుకుని చేతికి చేతికే ఇచ్చుకునేవాళ్ళం.

అతని నడుం దగ్గర గుడ్డ సంచిలో ఎప్పుడూ ఒక పాత మడత చాకు ఉండేది. కొమ్ము పిడి, వంపు తిరిగిన అలుగు. వాళ్ళ నాన్న చేసింది. "మా అబ్బాజాన్ సేసేడు. లారీ కమాన్ పట్టీ" అని గర్వంగా చెప్పేవాడు. కమాన్ పట్టీ అంటే లారీ బరువు మోసే స్ప్రింగు పట్టీ, మంచి ఉక్కు. పని లేనప్పుడల్లా దాన్ని తీసి నూరుకుంటూ కూర్చునేవాడు. ఇంత తరచుగా నూరాల్సిన ఉక్కు అదేం ఉక్కని నాకు మొదటినుంచీ అనుమానం. తెలిసినవాడి నోటి దురద ఎలాంటిదో తెలుసు కదా.

ఒక గురువారం సంచిలో ఆకురాయి వేసుకుని వెళ్ళాను. గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తదాన్ని కొరుకుతుంది. చిన్నపిల్లాడికైనా తెలిసే పరీక్ష. టీ తాగుతున్న మాంసం కొట్టు వాళ్ళు ముగ్గురు, ఒక దర్జీ అక్కడే ఉన్నారు. అతని చాకు అడిగి తీసుకుని, పిడి దగ్గర ఆకురాయి పెట్టాను. కరకరా కొరికేసింది. అక్కడ ఆపితే పోయేది.

"కమాన్ పట్టీ ఏటి బావా, ఇది రైలు పట్టాల మేకు, ఉత్త ఇనుము! మీ నాన్నకి ఎవుడో బాగా టోపీ ఎట్టేడు" అన్నాను.

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. చాకు నా చేతిలోంచి తీసుకుని, ఆకురాయి గీసిన చోట బొటనవేలితో ఒకసారి తడిమాడు. మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తర్వాత నా డీ-టూ నూరడం పూర్తిచేసి, చేతికివ్వకుండా తన ముందున్న చెక్క మీద పెట్టాడు.

"అయిపోనాది సార్" అన్నాడు.

ఆ సార్ నాకు బస్సులో గాజువాక దాకా వినిపిస్తూనే ఉంది. ఇంటికొచ్చి, నేను చెప్పింది నిజమే కదా అని నాకు నేనే వాదించుకున్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. తర్వాతి గురువారం వెళ్ళలేదు. ఆ తర్వాతది కూడా. నెలన్నర అయ్యాక వంటింట్లో నిలబడి, సగం ఉల్లిపాయ కోసి, మిగతా సగం ఫ్రిజ్‌లో పెడుతూ, ఆ వారమంతా నేను ఎవరితోనూ పది మాటలు మాట్లాడలేదని గమనించాను. పాలవాడితో రెండు, బస్సు కండక్టరుతో ఒకటి. నాకు భయమేసింది. ఒంటరితనం అంటే బాధ అనుకునేవాడిని, అది భయం కూడానని అప్పుడే తెలిసింది.

క్షమాపణ చెప్పడానికి ఊరికే వెళ్ళాలంటే మనసొప్పలేదు. పని మీద వెళ్తే వెళ్ళొచ్చు. కానీ పనేదీ? చాకు ఇంకా కాయితాన్ని సర్రున చీలుస్తోంది. డాబా మీద బట్టలుతికే రాయి ఉంది. దాని అంచుకేసి అలుగుని పది సార్లు గీశాను. ముప్పై ఏళ్ళు ఉక్కు మంచీ చెడూ చెప్పినవాణ్ణి, మంచి ఉక్కుని చేజేతులా పాడుచేసుకుంటున్నాను.

అలా రెండేళ్ళు గడిచాయి. వారం వారం రాయికేసి గీసి పట్టుకెళ్తాను. చెక్క మీద పెడతాను. అతను నూరి చెక్క మీదే పెడతాడు. "సెప్పండి సార్", "అయిపోనాది సార్". నేను ఎండ గురించి అంటాను, అతను తలూపుతాడు. మళ్ళీ బస్సు.

మొన్న గురువారం సందులో మరెవరూ లేరు. అతను చాకు విప్పి, అలుగు వెంట వేలు నడిపించి, సాన చక్రం మోటారు ఆపేశాడు.

"ఇది కోత్తే పోయిన పదును కాదు సార్. కోత్తే మద్దెలో పోద్ది. ఇది ఈ సివర్నించి ఆ సివరిదాకా ఒకేలాగ పోనాది. వారం వారం ఇంతే. రాయికేసి రాత్తన్నారు."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీరు తెచ్చింది సాకు సార్" అన్నాడు. మా వైపు చాకుని సాకు అనే అంటారు. అయినా అతను అన్నది ఏ సాకో నాకు బాగానే అర్థమైంది. "మాటాడ్డానికొస్తే ఉత్త సేతుల్తో రావొచ్చు కదా."

అప్పుడు చెప్పాను. "తప్పయిపోయింది బావా. ఆ రోజు మీ నాన్నగారి గురించి అలగ అనకుండా ఉండాల్సింది."

అతను నా చాకు చెక్క మీద పెట్టాడు. తర్వాత ఆ పాత చాకు తీశాడు.

"మెత్తగుందని నాకు తెల్దా? నలభై ఏళ్ళై నూరుతన్నాను."

"మరి ఆ రోజు ఎందుకు సెప్పలేదు?"

"ఏటి సెప్పమంతారు నలుగురి ముందర?" అంటూ మోటారు వేసి, ఆ చాకు వెనక అంచుని చక్రానికి ఒక్క క్షణం ఆనించాడు. రవ్వలు ఎగిరాయి. ప్రతి రవ్వ కొసనా పువ్వులా చిట్లింది. మేకు ఇనుము అలా చిట్లదు, గీతలా సాగిపోతుంది. "సూసేరా? ఉక్కు మంచిదే. కమాన్ పట్టీయే. కొలిమిలో ఎర్రదనం సూసి తియ్యాల, తీసి నూనిలో ముంచాల. ఆయనకి అప్పటికే కళ్ళు పోతన్నాయి. ఎవులికీ సెప్పలేదు, సెప్తే పని ఇవ్వరని. వేడి సెంపకి తగిలించుకుని లెక్క సూసుకునీవోడు. ఇది ఎర్రబడకముందే తీసీసేడు, అందుకే మెత్తగుండిపోనాది. ఆయన సేసిన ఆకరిది."

గట్టితనం ఉక్కుది కాదు, ఉక్కుకి పట్టిన వేడిది. ల్యాబ్‌లో చేరిన మొదటి వారం నాకు నేర్పిన పాఠం అదే. ఎంతమందికో అది చెప్పాను. ఆ రోజు మాత్రం ఆకురాయి కొరకగానే మేకు అన్నాను, ఒక గుడ్డివాడు చెంపతో నిప్పుని చూసి చేసిన వస్తువుని.

నాకు ఏడుపొచ్చింది, అంతే. అతను చూసీ చూడనట్టు దర్జీ వదిలేసి వెళ్ళిన కత్తెర అందుకుని మరలు విప్పడం మొదలుపెట్టాడు. నా చాకు నూరకుండానే చెక్క మీద ఉంది. బావా అని అతను పిలవలేదు. కానీ లేచి వెళ్ళమనీ అనలేదు, నేను అక్కడే కూర్చున్నాను.