పదో అమావాస్య, పది చింతగింజలు

2023 ఫిబ్రవరి నెల. జహీరాబాద్ చుట్టుపక్కల అల్లం తవ్వకాలు జోరుగా సాగుతున్నాయి. మా ఓపీకి వచ్చే ఆడవాళ్ల గోళ్లలో ఎర్రమట్టి, కొంగుల్లో పచ్చి అల్లం వాసన. నేను ఆ దగ్గరలోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌గా పనిచేస్తున్నాను. మిడ్‌వైఫ్ అంటే గర్భిణి పక్కనే ఉండి సహజ కాన్పు చేయించడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన నర్సు. పదహారేళ్ల సర్వీసులో ఎన్ని కాన్పులు చూశానో లెక్క పెట్టుకోలేదు. నా నోటి దురుసు ఎంత చేటు చేయగలదో నాకు నేర్పిన కాన్పు మాత్రం ఒక్కటే ఉంది.

ఆ అమ్మాయి పేరు అనిత. ఇరవై రెండేళ్లు, తొలిచూలు. అత్తవారిది మొగుడంపల్లి, పుట్టిల్లు చిరాగ్‌పల్లి. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి ఏడో నెల నుంచి తల్లి సత్తెమ్మ దగ్గర ఉంటోంది. అయినా ప్రతి చెకప్‌కూ అత్త బాలమణి బస్సెక్కి వచ్చేసేది. కోడల్ని మధ్యలో కూర్చోబెట్టుకుని వియ్యపురాళ్లిద్దరూ రెండు పక్కలా కూర్చునేవారు.

"ఎట్లున్నవమ్మా?" అని అడిగాను ఆ రోజు.

"నా కాళ్లు నాకు కనవడక నెల దాటింది సిస్టర్" అంది అనిత. "పండుకుంటే లేవరాదు, లేస్తే పండుకోరాదు. నిద్ర పట్టేసరికి బాత్రూం ఒస్తది. తిన్నదంతా గొంతులనే ఉంటది."

నెలలు నిండేటప్పుడు అందరి పాటా ఇదే. ఎడమపక్కకు తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోమన్నాను. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమని, తిన్న వెంటనే నడుం వాల్చొద్దని చెప్పాను. కార్డు చూస్తే ముప్పై ఏడు వారాలు దాటి నాలుగు రోజులు. మూడో నెలలో తీసిన స్కాన్ లెక్క కూడా దానికి సరిపోయింది. అంతా బాగుంది, వచ్చే వారం రమ్మన్నాను.

బాలమణి మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "తొమ్మిది అమాసలు ఎప్పుడో పోయినయి సిస్టరమ్మా. ఇంక నాలుగు దినాలల్ల పదో అమాస. ఇంక నొప్పులు లేకపాయె. ఏదన్న సూది ఇయ్యున్రి, లేకుంటే ఆపరేషన్ చేయున్రి."

బయట లైను గుమ్మం దాకా ఉంది. నాకు పొద్దున్నుంచి టీ చుక్క లేదు. అది సాకు కాదు, అన్నది అన్నాను. "అమాస చూసి బిడ్డలు పుడితే ఇంక మేమెందుకు పెద్దమ్మా? చంద్రునికే డ్యూటీ వేస్తే అయిపాయె!" గదిలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. నవ్వు చూసి నాకింకా ఊపొచ్చింది. "ఇంటికి పోయి ఆముదం గీముదం తాపిస్తే మాత్రం ఊకోను. ముందే చెప్తున్న!"

బాలమణి మొహం నల్లబడింది. కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. నేను తర్వాతి పేరు పిలిచాను.

సరిగ్గా నాలుగో రోజు, అమావాస్య నాటి ఉదయం, అనితను ఆటోలో తెచ్చారు. కడుపులో నొప్పి అంటోంది, నాలుక పిడచకట్టుకుపోయింది. అప్పటికే ఏడుసార్లు విరేచనాలయ్యాయట. ఎన్‌ఎస్‌టి పెట్టాను. అంటే కడుపు మీద పట్టీ కట్టి బిడ్డ గుండె చప్పుడును కాగితం మీద గీయించే పరీక్ష. బిడ్డ గుండె ఉండాల్సిన దానికంటే వేగంగా కొట్టుకుంటోంది. గర్భసంచి మూతి ఏమాత్రం తెరుచుకోలేదు. ఇవి కాన్పు నొప్పులు కావు. ఒంట్లో నీరంతా పోయి పేగులు పెడుతున్న గోల.

"ఏమన్న తాపిచ్చిన్రా?" అని అడిగాను, నా మామూలు గొంతుతోనే.

తల్లి, అత్త, భర్త నర్సింలు, ముగ్గురూ ఒక్కసారే, "ఏం లే" అన్నారు. అనిత కళ్లు మూసుకుంది.

డ్యూటీ డాక్టరమ్మ నాకంటే పదిహేనేళ్లు చిన్నది. సెలైన్ పెట్టమని చెప్పి నన్ను పక్కకు పిలిచింది. "సిస్టర్, ఏం తాగిందో తెలిస్తే నాకు పని సులువవుతుంది. వాళ్లు చెప్పేలా లేరు. నన్ను చూసి కాదు, మిమ్మల్ని చూసి భయపడుతున్నారు" అంది మెల్లగా.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. కోపమొచ్చింది, సిగ్గేసింది, మళ్లీ కోపమొచ్చింది. ఆమె అన్నది నిజం కాబట్టే అంత కోపం. క్యాంటీన్ నుంచి నాలుగు టీలు తెప్పించాను. తలుపు దగ్గరికి వేసి, స్టూలు లాక్కుని వాళ్ల ఎదురుగా కూర్చున్నాను.

"నా కొడుకు కడుపుల ఉన్నప్పుడు నాకు గూడ నొప్పులు లేటయినయి. అప్పటికే నేను నర్సును. మా అమ్మ వాము కషాయం కాస్తే గుటగుట తాగిన. నా డాక్టరుకు చెప్పలే. తిడ్తదని భయం. ఇయాల మీరు ఏం చెప్పినా నేను తిట్టను. ఒట్టు."

ముందు నర్సింలు నోరు విప్పాడు. అతను ట్రాక్టర్లు రిపేరు చేసే షెడ్డులో మెకానిక్కు. "తప్పు నాదే మేడం. నిన్న రిపేరుకొచ్చిన ట్రాక్టర్ల కూసోబెట్టుకుని కంకర రోడ్డు మీద తిప్పిన. కుదుపులకు నొప్పులొస్తయని మా దోస్తు చెప్పిండు. ఆమె పడకుండ ఒక చెయ్యితోని పట్టుకున్న మేడం, జర మెల్లగనే నడిపిన."

"ట్రాక్టర్ గాదు, నా అల్లమే" అంది సత్తెమ్మ. "మా చెల్క అల్లం గద, మస్తు ఘాటు. పొద్దుగాల్ల ఒక గిలాస, పొద్దుమూకంగ ఒక గిలాస కషాయం తాపిన. మూడు దినాల సంది."

ఇద్దరూ బాలమణి వైపు చూశారు. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "నేను పాలల్ల ఆముదం పోసిన. జరంత గాదు, మస్తుగ పోసిన. నిన్న ఉడుకుబువ్వ తెచ్చిన అని ఒచ్చిన గద వదినా, గది సాకే."

"వదినా, నువ్వు గూడనా!" అని సత్తెమ్మ నోటి మీద చెయ్యేసుకుంది.

మంచం మీది నుంచి అనిత నీరసంగా అంది. "ఎవల ముచ్చట ఎవలకు చెప్తే కోపమొస్తదో అని, అందరియి తాగిన సిస్టర్. ట్రాక్టర్ గూడ ఎక్కిన."

నవ్వొద్దనుకున్నాను, కానీ ఆగలేదు. సెలైన్ చూడడానికొచ్చిన డాక్టరమ్మ కూడా గోడ వైపు తిరిగి నవ్వుకుంది. ఒకరికి తెలియకుండా ఒకరు ముగ్గురూ ఆ పిల్ల మీద పడ్డారు. అందరూ ప్రేమతోనే, అందరూ నాకు భయపడే చాటుగా.

బాలమణి మాత్రం నవ్వలేదు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. "నా పెద్దకొడుకు గిట్లనే సిస్టరమ్మా. నర్సింలు కంటె ముందటోడు. నెలలు నిండినా నొప్పులు రాలే. ఒస్తయి ఒస్తయి అనుకుంట కూసున్న. పదో అమాస పోయినంక దవాఖానకు తీస్కపోతే కడుపుల పానం లేదన్నరు. ఆడు ఎప్పుడు కదులుడు బంద్ చేసిండో నేను సూసుకోలే. కూలికి పోయిన, కలుపు తీసిన, నాకు యాదికే లేదు."

అమావాస్య మీద నేను చేసిన వేళాకోళం నాకు గుర్తొచ్చింది. గదిలో ఉన్నవాళ్ల నవ్వు కూడా. ముప్పై ఏళ్ల నాటి భయాన్ని ఆమె నా ముందు పెడితే నేను దాన్ని నవ్వులపాలు చేశాను. "నా తప్పే పెద్దమ్మా, ఆ దినం నేను అట్ల అనొద్దుండె" అన్నాను. ఆసుపత్రిలో నేను ఎవరికైనా క్షమాపణ చెప్పడం నాకు గుర్తున్నంతవరకు అదే మొదలు.

అప్పుడు గోడ మీది క్యాలెండర్, దాని వెనకున్న నిరుటి క్యాలెండర్ రెండూ తీసి ఆమె ఒళ్లో పెట్టాను. అనితకు చివరి నెలసరి వచ్చిన మర్నాడే అమావాస్య పడింది. బాలమణి దాన్ని కూడా ఒకటి కింద లెక్కేసుకుంది. అందుకే తొమ్మిది అమావాస్యలు ముప్పై నాలుగు వారాలకే పూర్తయిపోయాయి. కాన్పుకు మేం చూసేది నలభై వారాలు. ఇంకా రెండు వారాల దాకా సమయముంది. ఆమె వేలు పెట్టి ఒక్కొక్క అమావాస్యనూ లెక్కపెట్టి, "మరి నాతోని గిది ఎవలు చెప్పలేదాయె" అంది.

సాయంత్రానికి అనిత తేరుకుంది, బిడ్డ గుండె నెమ్మదించింది. మర్నాడు ఇంటికి పంపేముందు ముగ్గురికీ పనులు పంచాను. ఆముదం బంద్. అది నొప్పుల కంటే ముందు విరేచనాలు తెస్తుంది, తల్లి నీరసపడితే బిడ్డకూ కష్టమే. అల్లం టీలో చిన్న ముక్క చాలు. ట్రాక్టర్ దిగి నర్సింలు పెళ్లాంతో పాటు రోజూ సాయంత్రం నడవాలి. గోరువెచ్చని నీళ్ల స్నానం, వీపు రుద్దడం, షుగర్ లేదు కాబట్టి రోజుకు నాలుగు ఖర్జూరాలు, ఇవన్నీ సత్తెమ్మ వంతు. వీటిలో ఏదీ స్విచ్ వేస్తే లైటు వెలిగినట్టు నొప్పులు తెప్పించదని కూడా చెప్పాను. ఒళ్లు సిద్ధమవడానికి, మనసు కుదుటపడడానికి పనికొస్తాయి, అంతే.

అన్నిటికంటే పెద్ద పని బాలమణికిచ్చాను. రోజూ తిన్నాక అనితను ఎడమపక్కకు పడుకోబెట్టాలి. బిడ్డ కదిలినప్పుడల్లా ఒక చింతగింజ గిన్నెలో వెయ్యాలి. రెండు గంటల్లో పది పడాలి. పడకపోయినా, కదలికలు మామూలు కంటే తగ్గినట్టనిపించినా, ఎవర్నీ అడక్కుండా నా దగ్గరికి వచ్చెయ్యాలి.

"నేను ఒస్తే తిట్టవు గద?" అంది.

"రాకుంటె తిడ్త" అన్నాను.

ఆ పని కోసం బాలమణి మూటా ముల్లె సర్దుకుని వియ్యపురాలింట్లోనే దిగిపోయింది. ప్రతి చెకప్‌కూ స్టీలు గిన్నె పట్టుకొచ్చి నా బల్ల మీద గలగలలాడించేది. "నిన్న అరగంటల్నే పది! మా మనుమడు బగ్గ ఎగురుతుండు." మనుమరాలైతే అని నేనంటే, "అయితే ఇంక మంచిదాయె, నా లెక్క లెక్కలు చేస్తది" అనేది. నడకలు బాగా సాగుతున్నాయని, ఖర్జూరాలు మాత్రం అల్లుడే ఎక్కువ తింటున్నాడని సత్తెమ్మ ఫిర్యాదు. మా దగ్గరున్న బర్తింగ్ బాల్ మీద, అంటే గర్భిణులు కూర్చుని నడుం ఆడించే పెద్ద రబ్బరు బంతి మీద, అనితకు ఊగడం నేర్పాను. డ్యూ డేట్ వచ్చింది, వెళ్లింది. ఈసారి మా ముగ్గురు వీరులూ ఏమీ తాపలేదు.

డేట్ దాటిన నాలుగో రోజు ఉదయం పదిన్నరకు బాలమణి లైను తోసుకుంటూ లోపలికొచ్చింది. వెనకాల అనిత. గిన్నె గలగలలాడలేదు. "ఆరే పడినయి సిస్టరమ్మా. రెండు గంటలు సూసిన, ఆరే. తిట్టినా సరే అని ఒచ్చిన."

ఎన్‌ఎస్‌టిలో బిడ్డ గుండె బాగానే ఉంది కానీ ఉండాల్సినంత హుషారుగా లేదు. స్కాన్‌లో ఉమ్మనీరు తగ్గిందని తేలింది. డాక్టరమ్మ ఇక ఆగొద్దంది. మందుతో నొప్పులు తెప్పిద్దామని, బిడ్డ తట్టుకోలేకపోతే ఆపరేషన్‌కు సిద్ధంగా ఉండాలని వాళ్లకు అన్నీ విప్పి చెప్పింది. అనిత నా చెయ్యి పట్టుకుంది. నాకూ లోపల భయంగానే ఉంది, గొంతులో మాత్రం తెలియనివ్వలేదు.

మందు పెట్టాక నొప్పులు మెల్లగా అందుకున్నాయి. గుండె చప్పుడు చూసుకుంటూ, మధ్యమధ్యలో బంతి మీద కూర్చోబెట్టాం, వరండాలో నాలుగడుగులు వేయించాం. సత్తెమ్మ నడుం రుద్దుతుంటే, బాలమణి ఎదురుగా నిలబడి, "ఊపిరి తీస్కో బిడ్డా, ఇడువు, ఇంకోటి తీస్కో" అని నా పని తనే చేసేసింది. సాయంత్రం ఐదున్నరకు ఆపరేషన్ లేకుండానే ఆడపిల్ల పుట్టింది. గది దద్దరిల్లేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను కూడా కళ్లు తుడుచుకున్నాను, దాచుకోలేదు.

బిడ్డను బట్టలో చుట్టి తీసుకొస్తే రెండు కాళ్లూ బయటికి తన్నేసింది. బాలమణి కొంగు ముడి విప్పింది. ఉదయం మిగిలిపోయిన నాలుగు గింజలు అందులో ఉన్నాయి. కాలు తన్నినప్పుడల్లా ఒక గింజ గిన్నెలో వేసింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది.

"పది" అంది, ఏడుస్తూ నవ్వుతూ. "నిండినయి సిస్టరమ్మా."

డిశ్చార్జి రోజున ఆ గిన్నె నా బల్ల మీదే వదిలేసి వెళ్లింది. ఇంకెవరికైనా అక్కరకొస్తుందని. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది, గింజలు మాత్రం ఊరూరా తిరిగి ఎన్నోసార్లు మారాయి. మందులు, మిషన్లు నేను శిక్షణలో నేర్చుకున్నాను. ఇంట్లో వాళ్లు నిజం చెప్పకపోతే అవన్నీ సగం గుడ్డివేనని ఈ కేసులో నేర్చుకున్నాను. తిట్లకు భయపడి ఆ రోజు బాలమణి ఇంట్లోనే ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ భయమేస్తుంది.

నా నోరు పూర్తిగా మంచిదైపోయిందని చెప్పను. కానీ నెలలు నిండిన అమ్మాయి వెంట ఒక అత్తో అమ్మో వచ్చి బల్ల ముందు నసుగుతూ నిలబడితే, ముందు స్టూలు చూపిస్తాను. "ఇంట్ల ఏమేం తాపిచ్చిన్రో చెప్పున్రి" అంటాను. "భయపడకున్రి, నేను గూడ అన్నీ తాగినదాన్నే."