కమాను దగ్గరే చేరిపోయాం

అంబులెన్సులో రోగి పక్కన కూర్చుని వైద్యం చేసే పని నాది. భైంసా వైపు ఒక మండలంలో ఐదేళ్లు చేశాను. ఆ ఐదేళ్లలో ఒక మధ్యాహ్నం గురించి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి రోగి ఇంటి ముందు ఆగేదాకా మాకు ఇన్ని నిమిషాలని గడువుండేది. ఆగగానే ట్యాబులో ‘చేరాం’ అనే బటన్ నొక్కాలి. ఆలస్యమైతే ఎర్రగీత పడుతుంది. ఎర్రగీతలు ఎక్కువైతే జిల్లా మీటింగులో నిలబెట్టి అందరి ముందూ కడిగేస్తారు. మొదట్లో ఎలాగో అందుకునేవాళ్లం. తర్వాత జ్వరాలు, పురుగుమందు తాగినవాళ్లు, బైకుల మీంచి పడ్డవాళ్లు. ఒకరిని ఆస్పత్రిలో దింపకముందే ఇంకొకరి ఫోన్. పక్క మండలం బండి రిపేరుకు పోతే ఆ ఊళ్లూ మా నెత్తినే. నిమిషాలు మాత్రం అవే.

అప్పుడు మా డ్రైవరన్న ఉపాయం చెప్పాడు. “ఊరి కమాను కనవడంగనే ఒత్తు తమ్మీ. కమాను దాటినంక ఊరే గదా.” రెండు మూడు నిమిషాల తేడా, అంతే కదా అనుకున్నాను. చాలా బండ్లు అట్లాగే ‘చేరేవి’. నేను ఇంకా తెలివైనవాణ్ని కాబట్టి కమానుకు అర కిలోమీటరు ఇవతలే నొక్కడం మొదలుపెట్టాను. మీటింగులో మా బండిని చూపించి మిగతావాళ్లను నేర్చుకోమన్నారు. కాలరెగరేసుకుని ఇంటికొచ్చాను.

పత్తి ఏరే రోజులు. ఒక పెద్దాయనకు గుండెనొప్పి అని ఆయన కోడలు ఫోన్ చేసింది. ఇంట్లో వాళ్లిద్దరే, మిగతావాళ్లు చేనుకు పోయారు. ఎప్పట్లాగే కమాను ఇంకా దూరాన ఉండగానే నొక్కేశాను. తీరా కమాను దాటి మలుపు తిరిగితే పత్తి ట్రాక్టరు దారికి అడ్డంగా బోల్తాపడి ఉంది. దిగి మందుల సంచి పట్టుకుని పరుగెత్తవచ్చు. చేరినట్టు నొక్కేశాక నాలో తొందర చచ్చిపోయిందనుకుంటాను. బండి వెనక్కి తిప్పించి, చేల బాటన చుట్టూ తిరిగి వెళ్లేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

పెద్దాయన గడప మీద పడి ఉన్నాడు. నాడి లేదు. ఛాతీ అదుముతూనే ఉన్నాను, ఫలితం లేకపోయింది. కోడలు ఇంట్లో లేదు. బండి ఇంకా రాలేదేమని ఆమె మళ్లీ ఫోన్ చేస్తే, మీ ఇంటి ముందే ఉందమ్మా, బయటికొచ్చి చూడండి అన్నారట కాల్ సెంటర్ వాళ్లు. వాళ్లకు కనిపించేది నేను నొక్కిందే. ఆమె మామను వదిలేసి, చెప్పులు కూడా లేకుండా, వాడవాడా మా బండిని వెతుకుతూ తిరిగింది. ఆ కాసేపట్లోనే ఆయన ఒక్కడే లేచి గడప దాకా వచ్చి పడిపోయినట్టున్నాడు.

కోడలు తిరిగొచ్చి, వాకిట్లో జనం చేరాక, కబురందుకుని కొడుకు చేను నుంచి వచ్చాడు. జరిగింది ఆమే ఏడుస్తూ చెప్పుకుంది. అతను పదిమందిలో భార్యను నిలదీశాడు. “బండొచ్చి ఇంటి ముంగట నిలవడ్డదట. ముసలాయన్ని ఇడిసిపెట్టి నువ్వేడవోయినవ్?”

ఆమె నా దగ్గరికి వచ్చి చేతులు జోడించింది. “మీరు జల్దినే వచ్చిండ్రట సారూ. నేనే సూడలే. దేవులాడుకుంట ఎటో పోయిన. నాదే తప్పు, ఏమనుకోకుండ్రి.”

మేం అప్పటికి రాలేదమ్మా, నేనే అబద్ధం నొక్కాను అంటే చాలు, ఆమె మీది నింద అక్కడికక్కడే పోయేది. డ్రైవరన్న తల దించుకున్నాడు. నాకు ఉద్యోగం గుర్తొచ్చింది. వాకిట్లో నన్ను చితకబాదడానికి సరిపడా మగవాళ్లున్నారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, భయపడ్డాను.

“ఏం గాదమ్మా, అయితుంటది” అన్నాను, పెద్దమనసుతో ఆమెను క్షమిస్తున్నట్టు. ఆ మాట విని వాకిట్లో ఉన్నవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. నేను సంచి సర్దుకుని బండెక్కాను.