తోలు వాషరు నానేదాకా

మెకానికల్ డిప్లొమా చేతికొచ్చిన ఏడాది, వికారాబాదులోని మా చర్చి నాకో పని అప్పజెప్పింది. తాండూరు చుట్టుపక్కల పల్లెల్లో పాడైన బోరింగులను, అంటే చేతిపంపులను, బాగుచేయాలి. వెంట పాస్టరు అయ్యగారు వచ్చేవారు. బోరింగు నా వంతు, బైబిలు వాక్యం చెప్పడం ఆయన వంతు.

ఏ పనికైనా వరుస నంబర్లతో కాగితం రాసుకోవడం నాకు అలవాటు. మొదటి ఊరికి ఇలా రాశాను: ఒకటి, పైపులు పైకి తీయడం. రెండు, వాషరు మార్చడం. మూడు, నీళ్ళు. నాలుగు, వాక్యం. మూడు దాకా అంతా కాగితం ప్రకారమే జరిగింది. నీళ్ళు రాగానే బిందెలు నిండాయి, జనం ఇళ్ళకు పోయారు. అయ్యగారు బోరింగుకూ నాకూ వాక్యం చెప్పి ముగించారు.

అందుకే పెద్దేముల్ వైపు గొల్లల పల్లెకు బయల్దేరిన రోజు, రైల్లోనే నా కాగితం తీసుకుని నాలుగును ఒకటి చేశారు. అలా చేస్తే వాక్యాన్ని నీళ్ళకు వెలగా పెట్టినట్టుంటుందని నేను అభ్యంతరం చెప్పాను.

"నీకేం తమ్మీ, నీళ్ళొస్తే నీ పని అయిపోతది. నా మాట ఇనెటోళ్ళు ఒక్కరన్న ఉండాలె గద," అన్నారు.

ఏళ్ళ తరబడి ఆ పల్లెల్లో తిరుగుతున్న మనిషి. కూర్చుని విన్నవాళ్ళు లేరు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తాండూరులో దిగి సైకిళ్ళ మీద ఊరు చేరేసరికి ఆడవాళ్ళు బోరింగు చుట్టూ శాబాదు బండల మీద బిందెలతో కూర్చుని ఉన్నారు. అయ్యగారు పుస్తకం తెరిచారో లేదో, ముందున్న ఒక అవ్వ అడిగింది.

"అయ్యా, గిది ఇంటెనే నీళ్ళిస్తరా? గట్లయితే చెప్పుండ్రి, వాగుకు పోయొస్తం. పొద్దెక్కుతున్నది."

అయ్యగారు పుస్తకం మూసి, నా పక్కకొచ్చి పైపు పట్టారు.

పైపులు పైకొచ్చాక నా తప్పు బయటపడింది. సంచిలోని కొత్త తోలు వాషర్లు నాలుగూ ఎండు అప్పడాల్లా ఉన్నాయి. వాటిని ముందురోజే ఆముదంలో నానబెట్టాలి. ఎండిన తోలు గొట్టానికి అతుక్కోదు, నీళ్ళను లాగదు. మొదటి ఊరికి గుర్తుండి నానబెట్టాను; కాగితంలో మాత్రం అన్నీ రాసిన నేను ఈ ఒక్కటీ రాయలేదు. ఎవరింటి నుంచో గిన్నెడు ఆముదం వచ్చింది. కనీసం గంటన్నర ఆగాలి.

జనం కదలరు, చేతిలో పనీ లేదు. ఇప్పుడు మొదలుపెట్టండని నేనే అయ్యగారికి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"వీళ్ళు వాషరు కోసం కూసున్నరు, నాకోసం కాదు."

గిన్నె ఒళ్ళో పెట్టుకుని వాషర్లను ఒక్కొక్కటే ఆముదంలో పిసకసాగారు. అంత తెల్లటి అంగీ తొడుక్కుని తోలు పిసికే అయ్యగారిని ఎన్నడూ చూడలేదని ఒకామె అంది. మీ ఆయనను పంపు, జర నేర్చుకుంటడని ఇంకొకామె చురక అంటించింది. అందరికంటే అయ్యగారే ఎక్కువ నవ్వారు.

నీళ్ళొచ్చాయి. బిందెలు నిండాయి. జనం పోయారు. నేను రెంచీలు తుడుస్తున్నాను, ఆయన అంగీ మీది ఆముదం మరకలు రుద్దుకుంటున్నారు. అప్పుడు అవ్వ తిరిగొచ్చింది. చంకలో బిందె లేదు, వెనక ఇద్దరు కోడళ్ళున్నారు.

"నీళ్ళు ఇంట్ల పోసొచ్చిన. ఇగ చెప్పుండ్రి మీ దేవుని ముచ్చట. ఇందాక చెప్తరనుకుంటే తోలు పిసుక్కుంట కూసుంటిరి."

విన్నది ముగ్గురు మనుషులు, వాళ్ళ వెంట వచ్చిన ఒక మేకపిల్ల. అయ్యగారు అంత సంతోషంగా చెప్పడం నేను మా చర్చిలో కూడా చూడలేదు. తప్పిపోయిన గొర్రెను వెతకబోయిన కాపరి కథ చెబితే, మిగిలిన మందను ఎవరికి అప్పజెప్పి పోయాడని అవ్వ నిలదీసింది. అయ్యగారు పుస్తకం తిరగేసి, మళ్ళీ వచ్చినప్పుడు చెబుతానన్నారు. తప్పక రమ్మంది.

తిరుగు రైల్లో కొత్త కాగితం తీసి, వాషర్లు నానబెట్టడం అని మొదటి నంబరు వేశాను. వాక్యానికి ఏ నంబరు వేయమంటారని అడిగాను.

"దానికి నంబరెందుకు," అన్నారు అయ్యగారు. "తోలును నాన్చు తమ్మీ. మనుషులను నాన్చకు."