చిలుకమ్మ నాలుగు రోజుల సెలవు

వరంగల్లులో మిల్లంటే అందరికీ పెద్ద మిల్లే గుర్తొస్తుంది. చిలుకమ్మ పని చేసింది అందులో కాదు. స్టేషనుకు అవతల ఒక సేటు పెట్టిన చిన్న నూలు మిల్లు ఉండేదట, అందులో. నేను బడిపంతులుగా బదిలీ మీద వచ్చి కరీమాబాదులో ఆమె పక్క వాటాలో అద్దెకు దిగేనాటికి ఆ మిల్లు మూతపడి పదేళ్లు దాటింది. గోడలు కూడా లేవు. ఆమె మాటల్లో మాత్రం ఇంకా నడుస్తూనే ఉండేది.

నేను బడి నుంచి వచ్చే వేళకు అరుగు మీద కాళ్లు చాపుకొని చింతపండులో గింజలు తీస్తుండేది. "సారూ, కూసో జర" అనేది. కూర్చుంటే మిల్లు ముచ్చటే. పొద్దున్నే సైరను కూయడం, ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు పట్టాల పక్కన వరసగా నడుస్తూ పోవడం, ఎవరి సద్దిలో ఏ తొక్కు ఉందో దారిలోనే తేల్చుకోవడం. కండెల మీది నూలును చిలపలుగా చుట్టే పని వాళ్లది. రీలింగు ఖాతా అనేవాళ్లు దాన్ని, అందులో అందరూ ఆడవాళ్లే. యంత్రాల చప్పుడులో మాట వినపడదు కాబట్టి పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్లు. "అట్ల మాట్లాడుడు ఇప్పటికీ అస్తది నాకు" అని, గొంతు తీయకుండా పెదవులతోనే ఏదో అని నవ్వేది. ఏమన్నదో నాకు తెలిసేది కాదు.

ఆమెది పాలకుర్తి దగ్గర చిన్న పల్లె. పెనిమిటి నర్సయ్య డోర్నకల్లులో రైల్వే ఖలాసీ. పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. పెళ్లయిన ఏడాదికే, అంటే పందొమ్మిది వందల నలభైలో, చిలుకమ్మ మిల్లులో చేరింది. ఆరేళ్లు ఒక్కనాడు నాగా పెట్టకుండా చేసింది.

నలభై ఆరులో సద్దుల బతుకమ్మకు తల్లి కబురు పంపింది. ఒంట్లో బాగుండడం లేదు, ఈసారైనా రమ్మని. చిలుకమ్మ తమ పని చూసే ముకద్దాన్ని అడిగింది. పోయి రమ్మన్నాడు. నాలుగు రోజులు పోయింది. తంగేడు పువ్వు తెచ్చింది, గునుగు తెచ్చింది, వాకిట్లో బతుకమ్మ పేర్చింది. తల్లి లేవలేక లేవలేక లేచి, కూతురి జుట్టులో చిక్కుకున్న నూలు పోగులు ఒక్కొక్కటే తీసి, ఆముదం పెట్టి దువ్వింది. ఆ పోగులన్నీ అరచేతిలో ఉండ చేసి, "ఇగో, నీ మిల్లు" అని నవ్విందట. ఆ వేసవి రాకముందే తల్లి పోయింది.

నెల జీతాలనాడు చిలుకమ్మ చేతికి నాలుగు రోజుల జీతం తక్కువ వచ్చింది. పైగా హాజరు పట్టీలో గైర్‌హాజర్ అని రాశారు. చెప్పకుండా ఎగ్గొట్టిన వాళ్లకు రాసే మాట అది. ఆమెకు డబ్బు కన్నా ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది.

ఆ ఆదివారం నర్సయ్య వచ్చినప్పుడు చెప్పింది. అతను బీడీ ఆర్పేసి, "నేను సెలవు పెట్టి ఇంటికాడ కూసుంటే రైల్వే నాకు జీతమిస్తాంది. మీ మిల్లుల లేదా గది?" అన్నాడు.

ఉంది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది. రెండేళ్ల కిందట గేటు పక్క గోడకు ఉర్దూలో ఒక కాగితం అంటించారు. సాలుకు పది రోజులు జీతంతో సెలవని ఫిట్టరు సారంగపాణి దాన్ని అందరికీ చదివి వినిపించాడు. మగవాళ్లు ఆ సెలవు వాడుకుంటున్నారు కూడా. ఆడవాళ్లెవరూ అడగలేదు, అంతే.

"అడుగుత. కానీ పనిల నుంచి తీసేస్తే?"

"తీసేస్తే డోర్నకల్ అద్దువు. ఇద్దరం ఒక్కతాననే ఉంటం" అన్నాడు నర్సయ్య. ఆ మాట చెప్పేటప్పుడు చిలుకమ్మ ముఖం ఆ వయసులో కూడా ఎర్రబడేది.

మర్నాడు పెద్ద గుమాస్తా కిషన్ రావు బల్ల ముందు నిలబడింది. అతను మంచివాడే, కానీ పై వాళ్లంటే భయం.

"ఆ కాగితం పర్మనెంటోళ్లకు. మీ రీలింగు ఖాతా ఆడోళ్లు బద్లీలు. పనుంటే పిలుస్తరు, లేకుంటే లేదు" అన్నాడు తలెత్తకుండా.

"ఆరేండ్ల సంది ఒక్క దినం ఒద్దనలే గద పంతులూ. రోజూ పిలిస్తే బద్లీ ఎట్లయితది?"

"నాకేం ఎరుక చిలుకమ్మా. మేనేజర్ సాబు మాట అది."

మిల్లు యూనియను వాళ్లకు మట్టెవాడలో ఒక దర్జీ దుకాణం మీద గది ఉండేది. అప్పటిదాకా ఆ మెట్లు ఏ ఆడమనిషీ ఎక్కలేదు. చిలుకమ్మ తోడుకు సమ్మమ్మను తీసుకొని పోయింది. సమ్మమ్మ పక్క యంత్రం మీద పనిచేసే మనిషి. ముగ్గురు పిల్లలు, భర్త లేడు. గదిలో నలుగురు మగవాళ్లు చాయ్ తాగుతున్నారు. వీళ్లను చూసి లేచి నిలబడ్డారు. "మా కోసం మొగోళ్లు లేచి నిలబడుడు గదే మొదలు సారూ. దిగిపోదమా అన్నది సమ్మమ్మ భయపడి" అని చెప్పేది చిలుకమ్మ.

ఆ యూనియనుకు కార్యదర్శి సారంగపాణే. అంతా విని, అర్జీ రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాడు. "చెల్లే, ఇది నీ ఒక్కదానిది కాదు. ముప్పై మంది ఆడోళ్లది. గట్టిగ నిలబడాలె" అన్నాడు. నకలు మిల్లుకు ఇచ్చి, అసలు హనుమకొండలోని లేబర్ అధికారికి పంపాడు.

నెల దాటాక మిల్లు నుంచి జవాబు వచ్చింది. దానితో పాటు ఒక కాగితం. 'మేము బద్లీ కూలీలం, అవసరం ఉన్నప్పుడు మాత్రమే పనికి వస్తాం' అని దాని మీద రాసుంది. కింద ముప్పై రెండు వేలిముద్రలు. అందులో చిలుకమ్మది తొమ్మిదోది.

తాను అట్లాంటిదేదీ ఇవ్వలేదని ఆమె ఒట్టు పెట్టింది. సారంగపాణి తేదీ చదివాడు. లడాయి, అంటే రెండో ప్రపంచ యుద్ధం, ముగిసిన ఏడాది తేదీ అది. అప్పుడు గుర్తొచ్చింది. లడాయి గెలిచామని మిల్లులో లడ్లు పంచారు. మనిషికి రెండు లడ్లు. ముట్టినట్టు వేలిముద్ర వేయమంటే వరసలో నిలబడి నవ్వుకుంటూ వేశారు. ఒకామె ఇంకో లడ్డు ఇస్తే రెండో వేలిముద్ర కూడా వేస్తానని అన్నదట.

చిలుకమ్మ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మోసపోయినందుకు కాదు, అంత సంతోషంగా మోసపోయినందుకు ఏడ్చింది. వారం రోజులు సారంగపాణికి ముఖం చూపించలేదు.

అతనే కబురు పంపాడు. మెట్ల కిందనే నిలబడి అడిగాడు. "చెల్లే, లడ్ల సంగతి ఇడిచిపెట్టు. మిల్లు మీకింకేమిచ్చింది? చీరెలా, లాంతర్లా? ఏమన్న సరే, యాదికి తెచ్చుకో."

"ఏమియ్యలే అన్నా. గల్లా తప్ప."

లడాయి రోజుల్లో ధాన్యం దొరకనప్పుడు మిల్లు లోపలే చౌక ధాన్యం దుకాణం పెట్టారు. దాన్నే అందరూ గల్లా దుకాణం అనేవాళ్లు. కార్డు చూపితే జొన్నలు ఇచ్చేవాళ్లు. నెలనెలా కార్డు మీద ముద్ర కొట్టేవాళ్లు. చిలుకమ్మ కార్డు తెచ్చి ఇచ్చింది. సారంగపాణి దాని వెనక్కి తిప్పి చూశాడు. సన్నని ఉర్దూ అక్షరాలు. చదివి, మళ్లీ చదివి, దర్జీ దుకాణం ముందే బిగ్గరగా నవ్వాడు. ఈ కార్డు ముస్తఖిల్ పనివాళ్లకు, అంటే పర్మనెంటు వాళ్లకు, మాత్రమే ఇవ్వబడుతుందని ఉంది దాని మీద. కింద మిల్లు ముద్ర, కిషన్ రావు సంతకం.

ఆడవాళ్లందరి కార్డులూ తెస్తే కేసు గట్టిపడుతుందన్నాడు. కష్టం అక్కడ వచ్చింది. సమ్మమ్మ ముందుగానే కాదన్నది.

"అక్కా, కార్డు ఆఫీసర్ చేతుల పెడితే మిల్లోళ్లు గల్లా బంద్ చేస్తరు. సెలవు పైసలు పోతే పోయినయ్. జొన్నలు బందయితే నా పిల్లలేం తినాలె?"

 చిలుకమ్మకు పెనిమిటి రైల్వే జీతం తోడుంది, సమ్మమ్మకు ఎవరున్నారు? "ఇయ్యకు చెల్లే. నా ఒక్కదానితోనే పోత" అన్నది. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్క యంత్రాల మీద రెండు వారాలు పెదవులు కదపకుండా పనిచేశారు. కేసు మొత్తంలో తనకు భరించరానిదిగా తోచింది అదేనని చిలుకమ్మ అనేది.

హనుమకొండలో పేషీ నలభై ఏడు ఫిబ్రవరిలో పడింది. నర్సయ్య రాలేకపోయాడు. చిలుకమ్మ, సారంగపాణి పొద్దున్నే నడుచుకుంటూ బయలుదేరారు. హనుమకొండ చేరేసరికి ఆఫీసు ముందు వేపచెట్టు నీడలో పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ముందు సమ్మమ్మ. చిన్నపిల్ల చంకలో ఉంది, కార్డు కొంగున ముడేసి ఉంది.

"నడుసుకుంట మీకంటె ముందే అచ్చినం" అన్నది, ఇంకో మాట లేకుండా.

అధికారి నడివయసు మనిషి. ఉర్దూలో మాట్లాడుతుంటే, మేనేజరు వెంట వచ్చిన కిషన్ రావు తెలుగులో చెప్పేవాడు. మేనేజరు లడ్ల కాగితం చూపించాడు. సారంగపాణి పదమూడు కార్డులూ బల్ల మీద పరిచాడు. అధికారి ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

మేనేజరు తొణకలేదు. "కరువు రోజులు. బద్లీలకు కూడా దయతలచి కార్డులిచ్చాం. అది నేరమా?" అన్నాడు.

 సారంగపాణి కార్డులను మళ్లీ తిరగేస్తున్నాడు. అప్పుడు చిలుకమ్మ, తనను అడగకుండానే, నోరు తెరిచింది.

"దయతోటి ఇస్తే మీకు దండం సాబ్. కానీ మా మొగిలమ్మ నిజంగనే బద్లీకి అచ్చింది. ఎండకాలం రెండు నెలలు చేసింది. కార్డియ్యమని మీ కాళ్లు మొక్కింది. బద్లీలకియ్యమని ఎల్లగొట్టిండ్రు. దయ ఆమె మీద ఎందుకు లేకపాయె?"

కిషన్ రావు ఆ మాటలను ఉర్దూలోకి మార్చాలి. మేనేజరు అతని వైపు చూస్తున్నాడు.  అయినా కిషన్ రావు చిలుకమ్మ అన్నది అన్నట్టే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాడు. అధికారి అతన్నే సూటిగా అడిగాడు, నిజమేనా అని.

"నిజమే సాబ్. బద్లీలకు కార్డు ఇవ్వలేదు. కార్డులు రాసేది నేనే" అన్నాడు కిషన్ రావు.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. రీలింగు ఖాతాలో ఏడాది దాటిన ఆడవాళ్లందరూ పర్మనెంటే. ఆగిన సెలవు జీతం ఇవ్వాలి. చిలుకమ్మ హాజరు పట్టీలో గైర్‌హాజర్ కొట్టేసి సెలవు అని రాయాలి. ఆ దిద్దుబాటు చేసింది కిషన్ రావే. ఆమెను పిలిచి, వేలు పెట్టి చూపించాడట. ఆమెకు చదువు రాదు. అయినా చాలాసేపు చూసింది.

అన్నీ సుఖంగా జరగలేదు. మేనేజరు ఆమెను నాలుగు నెలలు దుమ్ము ఎక్కువుండే పత్తి గోదాములో వేశాడు. ఆ దగ్గు ఆమెకు చివరిదాకా ఉంది. కిషన్ రావును సేటు వేరే ఊరి దుకాణానికి పంపించాడు. జొన్నలు మాత్రం బందు కాలేదు. సమ్మమ్మ మళ్లీ పెదవులతో మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆ ఏడు బతుకమ్మ పండుగకు ఆడవాళ్లందరికీ మొదటిసారి జీతంతో సెలవు దొరికింది. దొరికితే ఏం, ఊళ్లకు పోయే కాలం కాదది. రోడ్ల మీద భయం, రజాకార్ల గొడవలు. యూనియను మనిషని సారంగపాణిని నైజాం పోలీసులు అప్పటికే జైలుకు పట్టుకుపోయారు. చిలుకమ్మకు పుట్టింట్లో తల్లి కూడా లేదు. అయినా హనుమకొండకు వచ్చిన ఆ పన్నెండు మందీ కరీమాబాదులో ఆమె ఇంటి ముందటికి చేరారు. తంగేడు దొరకలేదు, గుమ్మడి పువ్వుతో, గునుగుతో పేర్చుకున్నారు. సారంగపాణి భార్య కూడా వచ్చింది. ఆమెను నడుమ కూర్చోబెట్టి ముందుగా ఆమెకే సద్దులు పెట్టారు.

"పాట ఎక్కువ సేపు పాడలే సారూ, భయానికి. చీకటి పడకముందే పొలగాండ్లను ఇండ్లల్లకు తోలినం" అనేది చిలుకమ్మ. చింతపండులో ఇంకో గింజ తీసి, "కానీ పొద్దందాక ఖాళీగ కూసున్నం. పద్నాలుగు మందిమి, ఏ పని లేకుంట, ఒకరి తల ఒకరం దువ్వుకుంట. గట్ల మళ్ల ఎన్నడన్న కూసున్ననా అంటే, యాదికి రాదు" అనేది.