కనపడకూడని లాడ్జి

మా తాతయ్యకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. తను కట్టింది ఎవరి కంటా పడకూడదు. మిగతా ఆర్కిటెక్టులు పని పూర్తయ్యాక కట్టడం ముందు నిలబడి ఫొటో దిగుతారు. తాతయ్య దూరంగా వెళ్ళి, కళ్ళు చికిలించి, పక్కనున్నవాళ్ళను "కనపడుతోందా?" అని అడుగుతాడు. కనపడుతోందన్నవాడితో ఆ పూట మాటల్లేవు. కనపడటం లేదన్నవాడికి టీ. ఈ కిటుకు పసిగట్టిన మేస్త్రి రోజంతా ఏమీ కనపడనట్టు తడుముకుంటూ తిరిగి, టీలు తాగి తాగి నిద్ర పట్టక నానా అవస్థ పడేవాడు.

అలాంటి మనిషికి మా పిన్ని తన లాడ్జి అప్పగించింది. ఉద్యోగం మానేసి, కొండవాలు కొనుక్కుని, వచ్చేపోయేవాళ్ళకు గదులు అద్దెకిచ్చి బతుకుదామనుకుంది. ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా అని బాబాయి తల పట్టుకున్నాడు. బయటివాళ్ళయితే తన మాట వినరని పిన్ని వాదించింది. కన్నతండ్రి వింటాడని ఎలా అనుకుందో ఆవిడకే తెలియాలి.

తాతయ్య చెట్టు కొట్టనివ్వలేదు, బండ కదపనివ్వలేదు. వరండా బండరాయి దాకా వచ్చి, పెద్దవాళ్ళు ఎదురైనట్టు మర్యాదగా పక్కకు తప్పుకుని, మళ్ళీ తన దారిన పోతుంది. కొండ వంపును బట్టి గదులు కూడా వంగాయి. మంచం ఎటు వేసినా ఏదో ఒక కోడు గోడతో తగువు పెట్టుకునేది. గోడలకు ఆ కొండ రాయే, పూతకు ఆ కొండ మట్టే. పూత రంగు కలిసిందో లేదో చూడటానికి తాతయ్య చొక్కా జేబు నిండా మట్టి పోసుకుని తిరిగేవాడు. ఉతకలేక అమ్మమ్మ జేబులన్నీ కుట్టేసింది. అప్పట్నుంచి మట్టి కళ్ళజోడు పెట్టెలోకి మారింది, కళ్ళజోడు ఎక్కడికి మారిందో ఇప్పటికీ తెలియదు.

కప్పు మీద జానెడు మందాన మట్టి పరిచి గడ్డి నాటించాడు. పడిన వాన ఆ గడ్డిలో ఇంకి, కంకరలో వడకట్టుకుని, నేలలోపలి తొట్టిలోకి చేరుతుంది. నడివేసవిలోనూ గదిలో ఫ్యాను అక్కర్లేదు. పక్కవాళ్ళ మేకలు కప్పెక్కి మేస్తుంటే పిన్ని కర్ర తీసేది. తాతయ్య అడ్డుపడి, మేకలే నమ్మాయంటే పని కుదిరినట్టేనని మురిసిపోయేవాడు.

మొదటి అతిథులు వచ్చిన రోజు పిన్నికి ఫోను వచ్చింది.

"ఏవండీ, లాడ్జి ఎక్కడ?"

"మీరెక్కడున్నారు?"

"ఏదో గడ్డి దిబ్బ మీదున్నాం. కింద ఎవరో ఫోను మాట్లాడుతున్నట్టు వినపడుతోంది."

"ఆ మాట్లాడేది నేనేనండీ. కొంచెం మెల్లగా దిగండి, మీరున్నది మా కప్పు మీద."

వాళ్ళు నవ్వి సర్దుకున్నారు గానీ, తర్వాత వచ్చినవాళ్ళు అంత ఓపికమంతులు కారు. కొండంతా గాలించి, విసిగి, కిందున్న హోటల్లో దిగిపోయేవాళ్ళు. గదులు ఖాళీ. పిన్నికి ఏడుపొక్కటే తక్కువ. ఇలాగే ఇంకో నెల సాగితే తాళం వేసుకోవడమే. ఇక లాభం లేదని గడ్డి పైన ఎర్ర రేకులు వేయించడానికి సిద్ధపడింది.

"ఎర్రవెందుకే? కొండకి దెబ్బ తగిలినట్టుంటుంది," అన్నాడు తాతయ్య.

"తగలనీ నాన్నా. నాకు తగల్లేదా?"

తాతయ్య చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. భోజనమయ్యాక రోజూ అలాగే ఎటో మాయమవుతాడు. ఏ చెట్టు కిందో కునుకు తీస్తున్నాడని పిన్ని అనుమానం. రేకుల లారీ వచ్చేసరికి, ఆయన లేకుండా వేయించిందన్న మాట పడటం ఇష్టంలేక, వెతుక్కుంటూ బయల్దేరింది.

ఎదుటి గట్టు మీది ఇంట్లో దొరికాడు. అది టీచరమ్మగారిల్లు. కొండవాలు పిన్నికి అమ్మింది ఆవిడే. మోకాళ్ళు పట్టేసి నడక ఆగిపోయాక, ఆవిడకు పొద్దస్తమానం కిటికీ పక్క కుర్చీయే లోకం. తాతయ్య ఎదురుగా ముక్కాలిపీట మీద, లెక్క తప్పిన పిల్లాడిలా తల దించుకుని కూర్చున్నాడు.

"రామ్మా, మంచి సమయానికొచ్చావు," అంది టీచరమ్మ. "అమ్మిన రోజే, ఆ కొండ మీద గోడలు లేస్తే చూడలేనని, కుర్చీ ఇటు గోడవైపు తిప్పేసుకున్నా. మీ నాన్నే వచ్చి, ఇంకా మొదలెట్టలేదు, మొదలెట్టే ముందు చెప్తా, అప్పుడు తిప్పుకుందురు గానీ అని మళ్ళీ అటు తిప్పాడు. ఇదిగో మొదలెడతా, అదిగో మొదలెడతా అంటూనే ఉన్నాడు. మనుషులొస్తారు, పోతారు. ఒక్క గోడైనా లేచిందా? ఇంత బద్ధకమైతే ఎలాగ?"

పిన్ని కిటికీలోంచి చూసింది. కొండ, గడ్డి, చెట్లు, నాలుగు మేకలు. తన లాడ్జి ఎక్కడుందో తనకే దొరకలేదు. తండ్రివైపు తిరిగింది. తాతయ్య తల ఎత్తలేదు గానీ, తిట్లు తిన్నవాడి మొహం అంత వెలిగిపోవడం పిన్ని ఎప్పుడూ చూడలేదు.

అంతలో మేస్త్రి ఫోను. రేకులు పైకెక్కించమంటారా అని.

"వద్దు, వెనక్కి పంపించెయ్," అంది పిన్ని. "కొండ అవతల, రోడ్డు మలుపులో, బోర్డొకటి రాయించు. మిగతాది నేను చూసుకుంటా."

టీచరమ్మ నోరు తెరిచింది. "అయ్యో, వచ్చిన సామాను కూడా వెనక్కి పంపించేస్తున్నావా?"

"ఏం చెయ్యమంటారండీ," పిన్ని కుర్చీ వెనక్కి వెళ్ళి, దాన్ని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిపింది. "ఎండలు తగ్గాక చూద్దాంలే అనుకుంటున్నాం."

"బాగుంది," అంది టీచరమ్మ, కొండవైపు చూసుకుంటూ. "తండ్రికి తగ్గ కూతురివే."