పడవాయన పక్కన సంజీవమ్మ బొట్టు

సంజీవమ్మ బొట్టుబిళ్లలు ఎక్కడెక్కడ అంటుకొని ఉంటాయో తెలిస్తే చాలు, కువైట్ సల్వాలోని ఆ ఇంట్లో కళ్లు మూసుకొని తిరగవచ్చు. స్నానాల గది అద్దం మీద ఒకటి, ఫ్రిజ్ తలుపు మీద ఒకటి, వాషింగ్ మెషీన్ మూత మీద రెండు. ముఖం కడుక్కోబోయే ముందు నుదుటి మీది బిళ్ల తీసి, దగ్గర్లో ఏది నున్నగా కనిపిస్తే దానికి అంటించడం ఆవిడ అలవాటు. కడుక్కున్నాక మళ్లీ పెట్టుకోవాలి. అది మాత్రం ఒక్కోసారి మరిచిపోయేది. మన ఇళ్లలో ఆడవాళ్లు చాలామంది చేసే పనే కనుక ఇందులో వింతేమీ లేదు. ఆ బిళ్ల ఒకరోజు అంటుకోకూడని చోట అంటుకుంది చూడండి, అదీ వింత.

ఆవిడది సిద్ధవటం పక్క పల్లె. ఆ ఇంట్లో పనికి కుదిరి పదేళ్లు దాటింది. ఇంటి యజమానురాలు భర్త పోయిన కువైటీ ఆవిడ, పనివాళ్లందరికీ మామా, అంటే అమ్మ. వంటకు రాయచోటి జుబేదా బీ ఉండేది. పులుసులో చింతపండు ఎంత పిసకాలన్న సంగతి మీద ఆడవాళ్లిద్దరూ ఏళ్ల తరబడి పోట్లాడుకుంటూ హాయిగా కాలం గడిపారు. కిందటేడు జుబేదా బీ మోకాళ్లు పట్టేసి, వీసా క్యాన్సిల్ చేయించుకొని ఇంటికి వెళ్లిపోయింది. ఆ ఇంట్లోని తెలుగు కూడా అదే విమానం ఎక్కేసింది. కొత్త వంటమనిషి ఇథియోపియా పిల్ల, డ్రైవరు బెంగాలీ. పనికి దిగేటప్పుడు యల్లా, అయిపోతే ఖలాస్ అనుకుంటూ ముగ్గురూ పనులు చక్కబెట్టుకునేవారు. కబుర్లకు మాత్రం ఆ రెండు మాటలూ చాలవు.

ఫోన్ లేదా అంటారేమో. ఉంది. ఇంటికి చేస్తే అవతల "బాగుండావా?" అంటారు, ఇవతల "బాగుండా" అంటుంది, అయిపోతుంది. కూర అడుగంటిందనీ, కొత్త చీపురు వారానికే ఊడిపోయిందనీ సముద్రం దాటించి చెప్పుకొంటామా? అలాంటివి పక్కన ఉన్న మనిషికే చెప్పుకోవాలి. పక్కన మనిషి లేడు.

ఆ ఇంటి హాల్లో గోడల నిండా రంగుల బొమ్మలు ఉండేవి. మామా భర్త అమెరికాలో చదివిన రోజుల్లో మోజుపడి, పాత సామాన్ల దుకాణాల్లో ఒక్కొక్కటీ కొని పోగేసినవి. అన్నీ అక్కడి కొండలు, నదులు, సముద్రాలు. నూట యాభై ఏళ్ల నాటి పనితనం. గొప్ప పేరున్నవాళ్లు వేసినవి కావు గానీ, ఆ గొప్పవాళ్ల దారినే నడిచినవాళ్లు వేసినవి. మామా పెద్దింటిని వదిలి చిన్న ఫ్లాటులోకి మారాలనుకుంది. అన్ని గోడలు అక్కడ లేవు. అందుకని బొమ్మలు అమ్మకానికి పెట్టింది.

నేను ఇక్కడే సబ్హాన్‌లో ఫ్రేములు కట్టే షాపులో పనిచేస్తాను. అమ్మకానికి ముందు చెక్కలు ఊడిన ఫ్రేములు బాగుచేయడానికి నన్ను పంపారు. మధ్యాహ్నం వేళ, ఆకలి మీద ఉన్నాను. డ్రైవరు తలుపు తీసి పోయాడు. హాల్లో అడుగుపెట్టబోతుండగా లోపలి నుంచి తెలుగు వినపడింది.

"ఏమప్పా, తిన్న్యావా?"

సల్వాలో, ఒక కువైటీ ఇంట్లో, నన్ను ఇంత ఆప్యాయంగా అడిగేదెవరు? ఆకలి మీదున్నవాడు అంత దూరం ఆలోచించడు.

"ఇంకా లేదండీ," అన్నాను.

లోపల పళ్లెం కిందపడి గింగిరాలు తిరిగింది. వెళ్లి చూస్తే ఒకావిడ గుండె పట్టుకొని గోడకు తగిలించిన సముద్రం బొమ్మ వైపు గుడ్లప్పగించి చూస్తోంది. తర్వాత నన్ను చూసింది.

"యెవురబ్బీ నువ్వు! బొమ్మ పలికిందనుకుంటి గదా!"

"మాది అమలాపురం పక్కండి. సత్యప్రసాద్ అంటారండి. అడిగింది నన్నేననుకున్నానండి."

"అండీ అన్న్యావు కాబట్టి బతికినా. మా పక్క మాట మాట్లాడింటే ఈడనే గుండె నిల్చిపోయేది." కింద చెదిరిన మెతుకులు ఎత్తుతూ నవ్వేసింది. "గోదారోళ్లు అన్నమంటే యాడున్నా పలుకుతారు. కూచో, పెడతా."

తింటూ ఆ బొమ్మ చూశాను. మరీ పెద్దదేమీ కాదు. అలే లేని సముద్రం, గాజు పలకలా ఉంది. సాయంత్రం వెలుతురు. దూరాన గాలి లేక తెరచాపలు వేలాడేసుకున్న ఓడ ఒకటి. కుంచె ఆడిన జాడ ఎక్కడా కనపడదు. బొమ్మలో మూడొంతులు ఆకాశమే. ఒడ్డుకు దగ్గరగా చిన్న పడవ, అందులో గోరంత మనిషి, మనకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ కాలపు అమెరికా చిత్రకారులకు అదే ఇష్టమట. ఆకాశాన్నీ నీళ్లనూ బొమ్మ నిండా పరిచి, మనిషిని చీమంత చేసి ఓ మూల కూర్చోబెట్టేవారట. మామా చెప్పింది.

"ఒక్కనికి అంత ఆకాశం యానికి చెప్పు?" అంది సంజీవమ్మ. "అందుకే పలకరిస్తాంటా. జుబేదా పోయినాక వాడే నాకు దిక్కు. కూర మాడింటే చెప్తా, మాడకపోయినా చెప్తా. పాపం ఇంటాడు. ఒక్కపారి గూడా ఇట్ల తిరగడనుకో."

మిగతా బొమ్మల మీద ఆవిడకు అంత మర్యాద లేదు. కొండ మీంచి దూకే జలపాతం గుడ్డలుతకను బాగుంటుందంది. ఉరుముల మేఘం బొమ్మ చూసినప్పుడల్లా దండెం మీద ఆరేసిన దుప్పట్లు గుర్తొచ్చేవట. సముద్రం పక్క చిత్తడి నేలలో గుంజల మీద గడ్డివాములు నిలబెట్టిన బొమ్మ ఒకటుంటే, "నీళ్లల్లో వామి ఏసినారు, బుద్ధుండాదా?" అంది. పడవాయన దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిపోయింది.

"అన్నీ అమ్ముతారంటనే. వీన్ని గూడానా?"

"అన్నీనండి."

ఆవిడ నా పళ్లెంలో ఇంకో గరిటె వేసింది.

అమ్మకం వారం రోజులు. మొదటి రోజు సాయంత్రం నుంచీ నేనూ ఉన్నాను, కొన్నవాళ్లకు కట్టి ఇవ్వడానికి. ప్రతి బొమ్మ పక్కనా పేరు, ధర రాసిన తెల్లటి చీటీ పెట్టారు. బొమ్మ అమ్ముడుపోతే మామా ఆ చీటీ మీద ఒక ఎర్రచుక్క అంటిస్తుంది. ఇక దాన్ని ఎవరూ అడగకూడదని గుర్తు. బొమ్మలమ్మే చోట ఎక్కడైనా అదే పద్ధతి. ఈ సంగతి సంజీవమ్మకు ఎవరూ చెప్పలేదు. టీ గ్లాసులు మోసే మనిషికి ఎవరు చెబుతారు?

జనం ఇంకా పలచగా ఉండగానే ఒక అమెరికా పెద్దాయన వచ్చాడు. ఇక్కడ కాలేజీలో పాఠాలు చెబుతాడట, ఆ నెలాఖరుకు ఉద్యోగం ముగించుకొని ఊరికి పోతున్నాడట. చేతిలో టోపీ, ఒంటరి మనిషి. తిన్నగా సముద్రం బొమ్మ దగ్గరికి నడిచాడు. నడిచి, పక్కనున్న చీటీ చూసి, మొహం వేలాడేసుకున్నాడు. ఎర్రచుక్క!

ఇంకా ఒక్క బేరమూ తెగలేదు, దీన్నెవరు కొన్నారు? దగ్గరికి వెళ్లి చూశాను. మామా దగ్గరున్న చుక్కలు టమాటా ఎరుపు. ఇది కుంకుమ రంగు. పైగా సన్నటి నూగు ఉంది. ఆ గోడ పక్కనే చేతులు కడుక్కునే సింకు. నాకు విషయం తెలిసిపోయి, నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తాను.

"అక్కా, మీ నుదురు తడుముకోండి ఒకసారి."

తడుముకుంది. "అయ్యో, బోడి మొగంతోనే అందరికీ టీలిస్తాంటినా?"

"బొట్టు సంగతి కాదండీ. మీరు సముద్రం బొమ్మ కొనేశారు."

ఎర్రచుక్క అర్థం విడమరచి చెప్పాను. ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామాకు తెలిస్తే పనిలోంచి తీసేస్తుందని వణికింది. పీకేయడానికి బయలుదేరింది. గుమ్మం దగ్గర ఆగింది. హాల్లో జలపాతం ముందు, మేఘం ముందు బేరాలు నడుస్తున్నాయి. పడవాయన ముందు ఎవరూ లేరు.

"పీకకుంటే వాడు ఈడనే ఉంటాడా?"

"ఉంటాడండి."

"రేపు పీకుతాలే," అంది.

ఆ రేపు వారమంతా రాలేదు. జలపాతం వెళ్లింది, మేఘం వెళ్లింది, నీళ్లలో వాములూ వెళ్లాయి. పడవాయన మాత్రం కదల్లేదు. సంజీవమ్మ పగలంతా భయపడుతూ, మధ్యాహ్నం మాత్రం ధీమాగా వాడి ముందే కూర్చుని అన్నం తినేది. మామా రోజూ ఆ గోడ పక్కగా నడిచేది, చీటీ చూసేది, సాగిపోయేది.

అమెరికా పెద్దాయన కూడా రోజూ వచ్చేవాడు. అమ్ముడుపోయిందని తెలిసీ వచ్చి, బొమ్మ ముందు కాసేపు నిలబడి పోయేవాడు. నాలుగో రోజో ఐదో రోజో సంజీవమ్మ ఖాళీ గ్లాసుల ట్రేతో వంటింట్లోకి వచ్చి, ట్రే దించకుండానే నిలబడిపోయింది.

"ముసలాయన గూడా మాట్లాడతాండాడబ్బీ."

"ఎవరితోనండి?"

"వానితోనే. మెల్లిగ, ఎవురూ ఇనకుండా."

"ఏమంటున్నాడు?"

"నాకేం తెల్సు ఇంగ్లీషు? అయితే, తిన్న్యావా అన్న్యట్టే ఉండాది."

ఆ రోజు ఆవిడ బొమ్మ ముందు అన్నానికి కూర్చోలేదు.

ఆఖరి రోజు ఏసీ గాలికి ఆ బిళ్ల జిగురు ఎండిపోయింది. వాడేసిన బొట్టుబిళ్ల అంతకంటే ఎన్నాళ్లు అంటుకుంటుంది? పెద్దాయన చూస్తుండగానే చీటీ మీంచి రాలి, ఆయన బూటు పక్కన పడింది. ఆయన మామా వైపు చూశాడు. మామా వంగి దాన్ని వేలి మీదికి తీసుకుంది. తిప్పి చూసింది. నేను గోడవైపు తిరిగి లేని మేకును సరిచేయడం మొదలుపెట్టాను.

"సంజీ!" అని పిలిచింది మామా.

సంజీవమ్మ వచ్చింది. నుదురు ఖాళీ. ఆవేళ కూడా మరిచిపోయింది.

"ఇది నీదే కదూ?" అంది మామా అరబ్బీలో. "నా అద్దం మీద పదేళ్లుగా చూస్తున్నాను. మొదటి రోజే గుర్తుపట్టాను."

"మరి తీసేయలేదే మామా?"

"అంటించింది నువ్వు. నేనెందుకు తీస్తాను?" బొమ్మ వైపు తిరిగింది. "అదీగాక, నాకూ తీయబుద్ధి కాలేదు. మా ఆయన మొదట కొన్న బొమ్మ ఇదే. ఇప్పుడు చెప్పు. ఇది అమ్ముడుపోయిందా, లేదా?"

హాలంతా ఆవిడ నోటి వైపు చూసింది. పెద్దాయనకు అరబ్బీ వచ్చో రాకో గానీ, ఆయనా సంజీవమ్మనే చూస్తున్నాడు, టోపీ రెండు చేతులతో పట్టుకొని. సంజీవమ్మ పడవాయన్ని చూసింది. పెద్దాయన్ని చూసింది. మామా వేలి మీంచి బిళ్ల తీసుకొని నుదుటన పెట్టుకుంది. అది అంటుకోలేదు, జారిపోబోయింది. బొటనవేలితో అదిమి పట్టుకొని, వచ్చీరాని అరబ్బీలో చెప్పింది.

"లేదు మామా. అమ్ముడుపోలేదు. ఆయనకు ఇయ్యి."

వంటింట్లో నేను అడగకుండా ఉండలేకపోయాను. "ఎందుకిచ్చేశారండీ?"

"జుబేదా పోతాంటే నేనేమన్నా ఆపితినా? వాని ఊరు ఆడ, ముసలాయన ఊరూ ఆడనే. క్యాన్సిల్ అయిన మనిషిని కొంగు పట్టుకోని గుంజేదానికి నేనెవురు? ఆడైతే పలకరించను మనిషన్నా ఉంటాడు, వాని మాటలోనే." గ్లాసులు గట్టిగా తోమింది. "అయినా ఇన్నాళ్లు అన్నం ముందర బెట్టుకోని పిలిస్తే ఒక్కపారి ఇట్ల తిరిగినాడా? కొవ్వు."

మర్నాడు బొమ్మకు కాగితం, దాని మీద మెత్తటి స్పాంజి చుట్టి, కొలతకు చేసిన చెక్కపెట్టెలో సర్దాను. బోర్లా పెట్టవద్దని, ఊపిరాడదని పక్కనే నిలబడి చెప్పింది. కాగితం చుట్టకముందే ఫ్రేము వెనక మూల ఒక కొత్త బిళ్ల అంటించింది. ఊరికి పోయే మనిషిని ఉత్త మొహంతో పంపుతామా? పెద్దాయన దాన్ని చూసి, అమ్మకపు గుర్తు కాబోలనుకొని తృప్తిగా తల ఊపాడు. నేనూ ఊపాను.

వారం తర్వాత మేకుల కన్నాలు పూడ్చడానికి మళ్లీ సల్వా వెళ్లాను. హాలు బోసిగా ఉంది. బొమ్మలున్న చోటల్లా గోడ కొత్త తెలుపు, చుట్టూ పాత తెలుపు. సింకు పక్కన కుర్చీలో సంజీవమ్మ, ఒళ్లో పళ్లెం పెట్టుకొని, నాకు వీపు పెట్టి కూర్చుంది. ఎదురుగా ఎత్తైన తెల్లగోడ, ఏమీ లేదు. అంత గోడ ముందు ఆవిడ చాలా చిన్నగా కనిపించింది.

"తిన్న్యావా?" అంది.

గుమ్మంలోనే ఆగిపోయాను. ఒకసారి పలికి పళ్లెం పడగొట్టినవాణ్ణి. ఈసారి ఎవరిని అడిగిందో తేలేదాకా నోరు మెదపకూడదనుకున్నాను. నేను నిలబడ్డాను, గోడ నిలబడింది.

"నిన్నేబ్బీ," అంది తిరక్కుండానే. "గోడ నాకు పలకదని తెల్సులే. కూచో, చల్లగయితాంది."